ఒకే తాళంచెవి, వంద తలుపులు: పాస్‌వర్డ్ చరిత్ర

మీ ఓటీపీఆర్ పాస్‌వర్డ్ మీతో కలిపి ఎంతమందికి తెలుసు? పుస్తకం పక్కన పెట్టి ఒక్క నిమిషం లెక్కేయండి. దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ అన్న, పక్క మంచం మిత్రుడు, ఊళ్లో ఉన్న తమ్ముడు... అంతేనా? ఇంకో ప్రశ్న. అదే పాస్‌వర్డ్ మీ మెయిల్‌కూ ఉందా? టెస్ట్ సిరీస్ యాప్‌కూ? పాత పుస్తకాలు అమ్మే సైట్‌కూ?

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. నా రూమ్మేట్ ఒకడు గ్రూప్స్ దరఖాస్తు వాళ్ల మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌లో పెట్టుకున్నాడు. మెయిల్ ఐడీ ఆ అన్నే తయారు చేశాడు, పాస్‌వర్డ్ ఆయనే పెట్టాడు, మెయిల్‌కు రికవరీ ఫోన్ నంబరు కూడా తనదే ఇచ్చాడు. హాల్ టికెట్లు వచ్చిన రోజు మావాడికి పాస్‌వర్డ్ గుర్తు లేదు. మర్చిపోయాను అని నొక్కితే లింకు మెయిల్‌కు పోయింది. మెయిల్ తెరుద్దామంటే ఓటీపీ అన్న ఫోన్‌కు పోయింది. అన్న మాల వేసుకుని శబరిమల వెళ్లాడు, ఫోన్ స్విచాఫ్. ఆదివారం పరీక్ష. శుక్రవారం సాయంత్రానికి గానీ ఫోన్ కలవలేదు. పరీక్ష రాశాడు. కానీ ఆ నాలుగు రోజులు వాడు ఒక్క పేజీ తిప్పలేదు, పక్కనున్న మమ్మల్నీ తిప్పనివ్వలేదు.

తర్వాత ఒకసారి వాడితో కలిసి ఆ నెట్ సెంటర్‌కు వెళ్లాను. టేబుల్ సొరుగులో పొడుగాటి నోటుబుక్కు ఉంది. అందులో వందల మంది పేర్లు, మెయిళ్లు, పాస్‌వర్డ్‌లు. దాదాపు అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్: ఊరి పేరు, ఆ పక్కన కొన్ని అంకెలు. ఆయన దొంగేమీ కాదు. మళ్లీ వచ్చి అడిగే పిల్లలకు ఇబ్బంది కాకూడదని రాసి పెట్టుకున్నాడు. ఊళ్లో సగం మందికి ఆయనే అర్జీ రాసే గుమస్తా.

ఈ వ్యాసం ఆ నోటుబుక్కు గురించే. సైబర్ భద్రత జీఎస్-3 సిలబస్‌లో ఉంది కాబట్టి నిర్వచనాలు మీరు ఎలాగూ చదువుతారు. ఆ నోటుబుక్కు అంత ప్రమాదం ఎందుకయిందో అర్థం కావాలంటే మాత్రం కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన దగ్గర అందరికీ తెలిసిన కథతో మొదలుపెడదాం. అశోకవనంలో హనుమంతుడు ఎదురుపడగానే సీత నమ్మదు. మారువేషంలో వచ్చిన రావణుడేమో అన్నది ఆమె అనుమానం. రాముడి గుర్తులు చెప్పమంటుంది. హనుమ చెప్తాడు, ఆ తర్వాతే ఉంగరం చూపిస్తాడు. తిరుగు ప్రయాణంలో సీత కూడా రెండు ఆనవాళ్లు పంపుతుంది. ఒకటి చూడామణి. రెండోది, చిత్రకూటంలో కాకి తనను గాయపరిచిన ఉదంతం. మణి ఒక్కటే పంపితే దారిలో దొరికిందో దోచుకున్నదో అనుకోవచ్చు. కాకి కథ ఒక్కటే అయితే ఎవరి నోటి నుంచో విన్నారనుకోవచ్చు. రెండూ కలిసి వస్తేనే నమ్మకం. ఇవాళ బ్యాంకులు రెండంచెల ధ్రువీకరణ అంటున్నది ఇదే. మీ దగ్గర ఉన్న వస్తువు ఒకటి, మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి.

వస్తువు ఒక్కదాన్నే నమ్మితే ఏమవుతుందో విశాఖదత్తుడి ముద్రారాక్షసం చెప్తుంది. నందుల మంత్రి రాక్షసుడు తన కుటుంబాన్ని స్నేహితుడు చందనదాసు ఇంట్లో దాచి పాటలీపుత్రం విడిచి వెళ్తాడు. అతని ముద్రికా ఉంగరం ఆ ఇంటి గుమ్మం దగ్గర జారిపడి, గూఢచారి చేతికి, అక్కడి నుంచి చాణక్యుడి చేతికి చేరుతుంది. చాణక్యుడు ఒక ఉత్తరం రాయిస్తాడు, అదీ రాక్షసుడి మిత్రుడైన లేఖకుడు శకటదాసు చేతనే, అతనికి సంగతి తెలియకుండా. దానిపై ఆ ముద్ర వేయిస్తాడు. ఉత్తరం మలయకేతు శిబిరంలో 'దొరుకుతుంది'. దస్తూరి సరిపోయింది, ముద్ర సరిపోయింది. రాక్షసుడు నాకేమీ తెలియదని మొత్తుకున్నా వినేవాడు లేడు. కత్తి దూయకుండా ఒక కూటమి విడిపోయింది. మీ ఖాతా నుంచి మీరు పంపని మెయిల్ వెళ్లినప్పుడు మీ పరిస్థితి అచ్చం రాక్షసుడిదే.

నాటకంలోని శిబిరంలో బయటికి పోవాలన్నా ముద్ర చూపాలి. ఇది కవి కల్పన మాత్రమే అనుకోవద్దు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో ముద్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. ఒక మాషకం తీసుకుని ముద్ర ఇస్తాడు. ముద్ర ఉన్నవాడే జనపదంలోకి రావాలి, బయటికి పోవాలి. ముద్ర లేని స్థానికుడికి 12 పణాల జరిమానా. దొంగ ముద్రకు పూర్వసాహస దండం. అదే పని పరదేశి చేస్తే ఉత్తమసాహస దండం. ప్రిలిమ్స్‌లో అధ్యక్షుల పేర్లు బట్టీ పట్టేటప్పుడు ఈ తేడా గమనించి ఉండరు. ముద్ర పోగొట్టుకోవడం, ముద్రను నకలు చేయడం రెండు వేర్వేరు తప్పులని కౌటిల్యుడికి తెలుసు.

రోమన్లు ఇంకో మార్గం పట్టారు. పాలిబియస్ రాసిన ప్రకారం, రాత్రి కాపలాకు ఒక సంకేతపదం నిర్ణయించి చిన్న చెక్కపలక మీద రాసి దళం నుంచి దళానికి పంపేవారు. చీకటి పడేలోపు పలకలన్నీ సేనాని దగ్గరికి తిరిగి రావాలి. ఏదైనా రాకపోతే ఎక్కడ ఆగిందో అప్పుడే విచారణ. మర్నాడు ఆ పదం చెల్లదు. మన హవాలా వ్యాపారుల పద్ధతి కూడా చూడండి. ఒక కరెన్సీ నోటు మీది నంబరు ఈ ఊరి నుంచి ఆ ఊరికి చెప్తారు. ఆ నోటు చూపినవాడికి డబ్బు. నోటు తీసుకున్నాక ఆ నంబరు పని అయిపోయింది. చట్టవిరుద్ధమైన వ్యాపారమే, కాదనను. కానీ ఓటీపీ అంటే ఏమిటో తరగతిలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వీటన్నింటిలో ఒక పోలిక ఉంది. ఒక రహస్యానికి ఒకటే తలుపు. అది ఎవరికి తెలుసో లెక్క ఉండేది.

కంప్యూటర్ పాస్‌వర్డ్ పుట్టింది అమెరికాలోని ఎంఐటీలో. 1961లో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది పంచుకునేవారు. ఎవరి ఫైళ్లు వారికే కనపడాలి, ఎవరి సమయం వారికే లెక్క కట్టాలి. అందుకు తలా ఒక పాస్‌వర్డ్. అంటే మొదట్లో అది గొప్ప భద్రతా కవచమేమీ కాదు, హాస్టల్లో అల్మరాలకు వేసే చిన్న తాళం లాంటిది. 1962లోనే అది విరిగింది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి ఇచ్చిన నాలుగు గంటలు చాలలేదు. పాస్‌వర్డ్‌లున్న ఫైలును ముద్రించమని యంత్రానికే ఒక అర్జీ కార్డు పెట్టాడు. యంత్రం శ్రద్ధగా ముద్రించి ఇచ్చింది. 1966లో ఇంకా విచిత్రం. ఒక పొరపాటు వల్ల రోజువారీ ప్రకటన ఉండాల్సిన చోటికి పాస్‌వర్డ్ ఫైలు వచ్చింది. లాగిన్ అయిన ప్రతివాడికీ అందరి పాస్‌వర్డ్‌లూ తెర మీద కనిపించాయి.

రెండుసార్లూ అసలు తప్పు ఒకటే. పాస్‌వర్డ్‌లు ఒకచోట, ఉన్నవి ఉన్నట్టుగా రాసి ఉన్నాయి. మా నెట్ సెంటర్ నోటుబుక్కులాగే.

దీనికి పరిష్కారాన్ని యూనిక్స్ వాళ్లు ప్రాచుర్యంలోకి తెచ్చారు. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ రాసిన వ్యాసం ఈ విషయంలో మూలగ్రంథం లాంటిది. దాని సారం ఇది. పాస్‌వర్డ్‌ను దాచవద్దు. దాన్ని ఒక గణిత ప్రక్రియలో వేసి, వచ్చిన పొడిని మాత్రమే దాచండి. బియ్యం నుంచి పిండి వస్తుంది, పిండి నుంచి బియ్యం రాదు. మీరు లాగిన్ అయినప్పుడు మీరు కొట్టినదాన్ని మళ్లీ అదే తిరగలిలో వేసి, పాత పిండితో పోలుస్తారు. దీన్నే హ్యాష్ అంటారు. ఇద్దరికి ఒకే పాస్‌వర్డ్ ఉంటే ఒకే పిండి వస్తుంది కదా, దొంగకు పని తేలిక కదా అంటారా? అందుకే ప్రతి ఒక్కరి బియ్యంలో వేరువేరు చిటికెడు ఉప్పు కలుపుతారు. నిజంగానే దాని పేరు సాల్ట్. ఈ రెండు మాటలూ మెయిన్స్ జవాబులో ఒక్క వాక్యంగా రాయగలిగితే, మీకు విషయం తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది.

వాళ్లిద్దరూ ఇంకో పని కూడా చేశారు. జనం నిజంగా ఎలాంటి పాస్‌వర్డ్‌లు పెట్టుకుంటున్నారో 3,289 సేకరించి చూశారు. 86 శాతం చాలా చిన్నవో, నిఘంటువులో దొరికేవో, పేర్లో. కొందరు ఒకే ఒక్క అక్షరం పెట్టారు. ఒక కొసరు సంగతి: 1988లో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన మోరిస్ వార్మ్‌ను వదిలింది ఈ రాబర్ట్ మోరిస్ కుమారుడే. అందులో ఊహించి చూడటానికి 432 పాస్‌వర్డ్‌ల చిట్టా ఒకటి ఉండేది.

ఇంతవరకూ ఒక మనిషికి ఒకటో రెండో యంత్రాలు. వెబ్ వచ్చాక ఒక్కో మనిషికీ యాభై, వంద ఖాతాలు. వంద రహస్యాలు గుర్తుంచుకునే శక్తి మనిషికి లేదు. కాబట్టి అందరం ఒకే పని చేశాం. ఒక్క రహస్యాన్నే వంద చోట్ల వాడాం. అక్కడే చరిత్ర మలుపు తిరిగింది.

2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికా సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. 1979 నాటి పాఠం తెలిసి కూడా వాళ్లు వాటిని హ్యాష్ చేయలేదు. అందులో 123456 అని పెట్టుకున్నవారే దాదాపు 2.9 లక్షల మంది. అప్పటి నుంచి దొంగలకు ఊహించే పని తగ్గిపోయింది. జనం ఏం పెట్టుకుంటారో జాబితా చేతిలో ఉంది.

మన దేశంలో జరిగిన ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది, దీన్ని నోట్సులో రాసుకోండి. 2015లో 000వెబ్‌హోస్ట్ అనే ఉచిత వెబ్‌హోస్టింగ్ సైట్ నుంచి సుమారు 1.3 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి, పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా. ఆ సైట్‌లో జొమాటో సంస్థ డెవలపర్ ఒకరికి సొంత ఖాతా ఉంది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనూ ఆయన అదే మెయిల్, అదే పాస్‌వర్డ్ వాడారు. అక్కడ రెండో అంచె లేదు. ఆ తాళంచెవితో దొంగ గిట్‌హబ్ తెరిచాడు, అక్కడున్న జొమాటో కోడ్ చదివాడు, అందులో లోపం పట్టుకుని చివరికి డేటాబేస్ దాకా వెళ్లాడు. 2017 మేలో జొమాటో 1.7 కోట్ల మంది వినియోగదారుల సమాచారం పోయిందని ప్రకటించింది. అందులో 66 లక్షల మందివి పాస్‌వర్డ్ హ్యాష్‌లు. ఈ గొలుసు మొత్తాన్ని తర్వాత ఆ సంస్థే బహిరంగంగా వివరించింది. మన దగ్గర చాలా సంస్థలు ఆ పని చేయవు కాబట్టి ఈ మాట చెప్పి తీరాలి.

ఇక్కడ ఎవరి తప్పు ఎంత? ఆ డెవలపర్ పాస్‌వర్డ్ బలహీనమైనదా, గట్టిదా అన్నది ఈ కథలో అసలు లెక్కలోకే రాదు. ఇరవై అక్షరాలున్నా, ఆశ్చర్యార్థకాలు పెట్టినా, మొదటి సైట్ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా దాచి పోగొట్టినప్పుడు రెండో సైట్ తలుపు తెరుచుకుంటుంది. తెలియని సంస్థ నిర్లక్ష్యానికి తెలిసిన సంస్థలోని మీ ఖాతా హామీ పడినట్టయింది.

దొంగలు దీన్ని చేత్తో చేయరు. బయటపడిన మెయిల్, పాస్‌వర్డ్ జంటలను కోట్లలో పోగుచేసి, ప్రోగ్రాము చేత ఇతర సైట్లలో వరసగా ప్రయత్నింపజేస్తారు. వెయ్యి జంటల్లో ఒక్కటి తగిలినా, కోటి జంటలకు పదివేల ఖాతాలు. వాళ్లకు మీరెవరో తెలియదు, మీ మీద కోపమూ లేదు. 'నా ఖాతాలో ఏముందని ఎవడు పడతాడు' అనే మాట చాలామంది మిత్రుల నోట వింటుంటాను. అందుకే ఇది చెప్తున్నాను.

పొరుగు దేశపు అనుభవం మరో కోణం చూపిస్తుంది. 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి, బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కు 35 చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. మొత్తం విలువ సుమారు 95 కోట్ల డాలర్లు. స్విఫ్ట్ వ్యవస్థలో సిబ్బంది వాడే గుర్తింపు వివరాలతోనే అవి వెళ్లాయి కాబట్టి సాంకేతికంగా అవి అసలైన ఆదేశాలే. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. అమెరికాలో శని, ఆదివారాలు సెలవు. సోమవారం ఫిలిప్పీన్స్‌లో చైనా నూతన సంవత్సర సెలవు. 8.1 కోట్ల డాలర్లు మనీలా చేరి మాయమయ్యాయి. శ్రీలంకకు పంపిన 2 కోట్లు మాత్రం 'ఫౌండేషన్' అనే మాటలో అక్షరదోషం వల్ల మధ్యలో ఒక బ్యాంకు అనుమానించి ఆపింది. దొంగలు లోపలికి ఎలా వచ్చారు? అమెరికా దర్యాప్తు పత్రాల ప్రకారం, ఉద్యోగం కోరుతూ బయోడేటా లింకుతో సిబ్బందికి పంపిన మెయిళ్లు వాళ్ల మొదటి ఎత్తు. ముద్రారాక్షసం మళ్లీ గుర్తుకు రావడం లేదూ? ముద్ర సరైనదే. వేసిన చెయ్యి వేరు.

ఈ ఘటనలకు ప్రభుత్వాలు, సంస్థలు ఎలా స్పందించాయన్నది కూడా చరిత్రలో భాగమే, అందులో ఒక పెద్ద పొరపాటు ఉంది. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ అనే అధికారి ఒక మార్గదర్శిని రాశారు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు తప్పనిసరి, కొన్నాళ్లకోసారి మార్చాలి అనే ధోరణి దాని నుంచే ప్రపంచమంతా పాకింది. ఫలితం మనకు తెలిసిందే. పేరు, ఆ పక్కన @123. తొంభై రోజుల తర్వాత @124. 2017లో నిస్ట్ తన మాట తానే మార్చుకుంది. పొడవు ముఖ్యం, గుర్తుల నిర్బంధం వద్దు, బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే మార్చమనవద్దు, ఇప్పటికే బయటపడిన జాబితాల్లో ఉన్నదాన్ని మాత్రం అనుమతించవద్దు. తన పాత సలహాకు చింతిస్తున్నానని బర్ కూడా అదే ఏడాది చెప్పారు. మన కార్యాలయాల్లో ఇప్పటికీ చాలాచోట్ల 2003 రాజ్యమే నడుస్తోంది. రేపు మీరు అధికారులయ్యాక ఒక సర్క్యులర్ తీసి ఇది మార్చగలరు, డబ్బు ఖర్చు లేని సంస్కరణ.

గుర్తుంచుకోవడమే కష్టమైతే శరీరాన్నే గుర్తుగా వాడితే పోదా అంటారు. ఆ ఆలోచన చరిత్రలో మన దేశానికి పెద్ద చోటుంది. 1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకుని, దాని వెనక అతని అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత మాట తప్పకుండా ఉండాలని. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. వేలిముద్రలను వర్గీకరించే పద్ధతి రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి ఉంది. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఆధార్‌లోని వేలిముద్ర ఆ పరంపరలోదే.

అయితే వేలిముద్రకు ఒక లోపం ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. 2018లో తెలంగాణలో బయటపడిన కేసు చూడండి. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీదున్న వేలిముద్రలను నకలు తీసి, వాటితో ఇతరుల పేర సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశారు. పొలం అమ్ముకున్న రైతు బొటనవేలే అతని మీదికి తిరిగింది. కాబట్టి శరీరపు గుర్తు మరో గుర్తుకు తోడుగా ఉండాలే తప్ప ఒంటరిగా ఉండకూడదు. రిజర్వ్ బ్యాంకు ఈ విషయంలో చాలా దేశాల కంటే ముందే కదిలింది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు కార్డు మీద కనిపించే వివరాలు కాకుండా రెండో ధ్రువీకరణ 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. అప్పట్లో వ్యాపారులు గొణిగారు. ఇవాళ యూపీఐలో మీ ఫోన్ ఒక అంచె, మీ పిన్ మరో అంచె.

చట్టం సంగతి కొంచెం వేగంగా చూద్దాం, వివరాలు మీ దగ్గరున్న పుస్తకాల్లో ఉన్నాయి. సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చినప్పుడు పాస్‌వర్డ్ దొంగతనానికి ప్రత్యేక సెక్షన్ లేదు. 2008 సవరణ ద్వారా 66సి వచ్చింది. మరొకరి ఎలక్ట్రానిక్ సంతకం, పాస్‌వర్డ్, లేదా ఇతర విశిష్ట గుర్తింపును మోసపూరితంగా, దురుద్దేశంతో వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 'మోసపూరితంగా' అన్న మాట కింద గీత గీయండి. మీరే చెప్పిన పాస్‌వర్డ్‌తో మీ దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ అన్న ఈ సెక్షన్ కిందికి రాడు. అదే పాస్‌వర్డ్‌తో ఇంకెవరో మీ పరీక్షా కేంద్రం మార్చేస్తే వస్తాడు. కానీ మీ చేతిలో నుంచి పోయిన ఆ సంవత్సరాన్ని ఏ సెక్షనూ తిరిగి ఇవ్వదు.

2011 నిబంధనలు సున్నితమైన వ్యక్తిగత సమాచారం జాబితాలో మొట్టమొదట రాసింది పాస్‌వర్డ్‌నే. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 'సున్నితమైన' అనే విడి వర్గాన్నే తీసేసింది. అన్ని వ్యక్తిగత వివరాలకూ ఒకే ప్రమాణం, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. ఇది ముందడుగా, వెనకడుగా? వైద్య నివేదికనూ వార్తాలేఖకు ఇచ్చిన పేరునూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. అయినా జరిమానా పెద్దదైతే సంస్థలు హ్యాష్ చేయడం నేర్చుకుంటాయన్న వాదనలోనూ పస ఉంది. ఏ పక్షం తీసుకున్నా కారణం రాయండి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను ఆరు గంటల్లో ఆ సంస్థకు తెలపాలన్నది కూడా జవాబులో ఉపయోగపడుతుంది.

ఇక మీ సంగతి. ఇంత చరిత్ర చదివాక చేయాల్సింది నిజానికి కొద్దిగానే ఉంది.

మెయిల్ నుంచి మొదలుపెట్టండి, ఈ రోజే. మిగతా ఖాతాలన్నీ పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు అక్కడికే వస్తాయి. కాబట్టి మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిదై ఉండాలి, రికవరీ నంబరు మీదై ఉండాలి, రెండో అంచె పెట్టి ఉండాలి. ఆ తర్వాత యూపీఎస్సీ, రాష్ట్ర కమిషన్ల ఖాతాలు, డిజిలాకర్, బ్యాంకు. టెస్ట్ సిరీస్ యాప్ పాస్‌వర్డ్ పోతే మార్కులు చూస్తారు, పోనివ్వండి, కానీ అది మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం కాకూడదు.

గుర్తుండే గట్టి పాస్‌వర్డ్ ఎలా? లెక్క చూడండి. చిన్న ఇంగ్లిష్ అక్షరాలు ఎనిమిది ఏరుకుంటే మొత్తం సుమారు 20,900 కోట్ల రకాలు. వినడానికి పెద్దదే, వేగంగా లెక్కించే యంత్రానికి పెద్ద పని కాదు. 7,776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి నాలుగు మాటలు తీస్తే సుమారు 36 కోట్ల కోట్లు. ఐదో మాట కలిపితే దానికి 7,776 రెట్లు. తెలుగు నిఘంటువును కళ్లు మూసుకుని ఐదుసార్లు తెరిచి, వేలు పడిన మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నా సరే. మీరు ఏరుకోకూడదు, అదే షరతు. మనం ఏరుకుంటే దేవుడి పేరో, హీరో పేరో, పుట్టిన ఊరో వస్తుంది.

ఇలాంటివి రెండు మూడు చాలు: ఫోన్‌కు, మెయిల్‌కు, పాస్‌వర్డ్ మేనేజర్‌కు. మిగతా వందా మేనేజర్‌కు వదిలేయండి. అది ప్రతి సైట్‌కూ వేరే పాస్‌వర్డ్ తయారు చేసి, తాళం వేసి దాచుతుంది. ఇంకో లాభం చాలామందికి తెలియదు. అది సైట్ చిరునామా చూసి నింపుతుంది. అసలు సైట్‌లా కనిపించే నకిలీ సైట్‌కు మీరు మోసపోవచ్చు, అది సాధారణంగా నింపదు. అలాగని మేనేజర్లు దేవుళ్లేం కాదు. 2022లో లాస్ట్‌పాస్ నుంచి తాళం వేసిన పెట్టెల నకళ్లు దొంగల పాలయ్యాయి. ప్రధాన పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవారికే అక్కడ ఎక్కువ ముప్పు. ఫోన్‌లో ఇవన్నీ కుదరవు అనుకుంటే కాగితం మీద రాసి ట్రంకు పెట్టెలో తాళం వేయండి. రష్యాలో ఉన్న దొంగ మీ ట్రంకు పెట్టె తెరవలేడు. రూమ్మేట్ తెరవగలడా అన్నది మీకే తెలియాలి.

నెట్ సెంటర్‌కు వెళ్లక తప్పనివారు మనలో చాలామంది. వెళ్లండి. మెయిల్ మీది తీసుకెళ్లండి, ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, పాస్‌వర్డ్ గడి వచ్చినప్పుడు మీరే కొట్టండి, బ్రౌజరు 'గుర్తుంచుకోనా' అంటే వద్దనండి, ఇంటికొచ్చాక మీ ఫోన్ నుంచి ఒకసారి మార్చండి. ఓటీపీ మాత్రం గట్టిగా చదవకండి. డబ్బు పోతే 1930కు వెంటనే ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

మా రూమ్మేట్ ఈ దసరాకు ఊరెళ్లినప్పుడు ఆ అన్నతో మాట్లాడాడు. 'అన్నా, తప్పు పట్టుకోకు' అంటూ అయ్యప్ప మాల నాటి నాలుగు రోజుల సంగతి చెప్పాడు. ఆయన నొచ్చుకున్నాడు, కాసేపటికి నవ్వాడు కూడా. ఇప్పుడు పాస్‌వర్డ్ గడి దగ్గరికి రాగానే కీబోర్డు ఇటు తిప్పి, తాను గోడ వైపు చూస్తున్నాడట. పాత నోటుబుక్కు మాత్రం ఇంకా సొరుగులోనే ఉంది.